మిర్చి యార్డు ఐడియాతో స్టార్టప్ వీకెండ్‌కి వెళ్ళొచ్చా?

చదివేవాళ్ళ కోసం ముందుగా ప్రశ్నేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. అడిగినవారు బీకాం చదివి హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నారు. నాన్నగారిది గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న రైతుకి ఎప్పుడు అమ్మితే మంచిదో చెప్పే యాప్ చేయాలని ఈయన ఆలోచన. వచ్చే నెల విజయవాడలో ఒక కాలేజీలో స్టార్టప్ వీకెండ్ ఉంది. ఐడియా చెబితే ఎవరైనా కొట్టేస్తారా? కోడింగ్ రానివాణ్ణి టీమ్‌లో చేర్చుకుంటారా? గెలిస్తే డబ్బులొస్తాయా? బీటెక్ సెకండియర్ చదివే చెల్లెల్ని తీసుకెళ్ళొచ్చా? ఇవీ ప్రశ్నలు.

ఇలాంటి ఈవెంట్లకి నేను పార్టిసిపెంట్‌గా వెళ్ళాను, తర్వాత మెంటర్‌గా తిరిగాను, జడ్జీల బల్ల దగ్గరా కూర్చున్నాను. మీరు తప్పకుండా వెళ్ళండి. అయితే యాప్ తయారు చేసుకుని రావాలని వెళ్తే టికెట్ డబ్బులు దండగ. మీ ఐడియాకి జేబులోంచి డబ్బు తీసేవాడు నిజంగా ఉన్నాడా లేడా అనేది తేల్చుకోవడానికి వెళ్ళండి. రెండున్నర రోజుల్లో అది తేలుతుంది. కింద నేను ఏం రాసినా దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఇదేం ఈవెంటో ముందు చూద్దాం. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ అనే ఊళ్ళో ఆండ్రూ హైడ్ అనే ఆయన ఓ 70 మందిని ఒకచోట కూర్చోబెట్టి, వారాంతంలో ఒక కంపెనీ పెట్టేద్దామన్నాడు. అంతమంది కలిసి ఒకే కంపెనీ అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తర్వాత ఆ పద్ధతి మారి, చిన్న చిన్న టీమ్‌లుగా విడిపోయి ఎవరి ఐడియా మీద వాళ్ళు పని చేయడం మొదలైంది. ఇప్పుడు ప్రపంచమంతా నడిచేది అదే. శుక్రవారం సాయంత్రం ఐడియాలు చెప్పడం (దీన్నే పిచ్ అంటారు), ఓట్లు, టీమ్‌లు కట్టడం. శనివారమంతా పని. ఆదివారం సాయంత్రం జడ్జీల ముందు ప్రెజెంటేషన్. లెక్కకి 54 గంటలంటారు. ఈ పేరు 2015లో టెక్‌స్టార్స్ అనే సంస్థ చేతికి వచ్చింది.

మన దగ్గర ఈ తరహా ఈవెంట్లు కాలేజీ ఈ-సెల్‌లు (వ్యాపారం మీద ఆసక్తి ఉన్న విద్యార్థుల క్లబ్బులు), ఇంక్యుబేటర్లు (కొత్త కంపెనీలకి చోటు, సలహా ఇచ్చే కేంద్రాలు) రకరకాల పేర్లతో పెడుతుంటాయి. పేరు చూసి అన్నీ ఒకటే అనుకోకండి. హ్యాకథాన్‌కి వెళ్తే కోడ్ చూస్తారు. 2017 నుంచి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ లాంటి వాటిలో ప్రభుత్వ శాఖలు, కంపెనీలు ఇచ్చిన సమస్యల్లోంచే ఒకటి ఎంచుకోవాలి, పైగా అది విద్యార్థులది. కొన్ని ఐడియాథాన్లు స్లైడ్లతోనే అయిపోతాయి. మీరు చెప్పినదానిలో శుక్రవారం పిచ్, ఓటింగ్, అక్కడికక్కడే టీమ్ కట్టడం ఉన్నాయో లేదో ఆర్గనైజర్లకి ఫోన్ చేసి అడగండి. ముందే టీమ్‌తో రమ్మంటే దాని కథ వేరు, ఈ జవాబులో సగం మీకు పనికిరాదు.

ఇప్పుడు మీ ఐడియా దగ్గరికి వస్తాను. గుంటూరు వాళ్ళు కాబట్టి ఇది మీకు తట్టే ఉండాలి, ప్రశ్నలో ఎక్కడా కనిపించలేదు గనక చెప్తున్నాను: యార్డుకి శని, ఆదివారాలు సెలవు. మీ ఈవెంట్ నడిచేదే ఆ రెండు రోజులు! శనివారం ఉదయం టీమ్‌ని వెంటేసుకుని గంట ప్రయాణం చేసి యార్డుకి వెళ్తే ఖాళీ షెడ్లు, గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అందుకని అంతకుముందు వారమే ఒకరోజు సెలవు పెట్టి నాన్నగారి కొట్లో కూర్చోండి. సరుకు తెచ్చిన రైతుల్లో ఓ పదిహేను మంది నంబర్లు తీసుకుని, "శనివారం ఫోన్ చేస్తాను, ఒక పది నిమిషాలు మాట్లాడతారా?" అని ముందే అడిగి పెట్టుకోండి. ఒకరిద్దరు కోల్డ్ స్టోరేజీ మేనేజర్ల నంబర్లు కూడా. మామూలుగా ఈ ఈవెంట్లలో ముందే కోడ్ రాసుకుని రావడం, నడుస్తున్న కంపెనీని తీసుకురావడం కుదరదు. జనంతో మాట్లాడి రావడాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టరు. ఆ నంబర్ల కాగితం మీ దగ్గర ఉందంటే శుక్రవారం రాత్రికే మిగతా టీమ్‌ల కంటే ఒక రోజు ముందున్నట్టు.

ఐడియా కొట్టేస్తారన్న భయం గురించి. నేను చూసినంతలో వీకెండ్‌లో ఐడియా విని ఇంటికెళ్ళి అదే కంపెనీ పెట్టినవాడు లేడు. వచ్చినవాళ్ళందరికీ ఎవరి ఐడియా వాళ్ళకి ముద్దు. మీదాన్ని ఎత్తుకుపోవాలంటే మిర్చి వ్యాపారం తెలియాలి, రైతు ఫోన్ ఎత్తాలి, ఏసీ సరుకంటే (కోల్డ్ స్టోరేజీలో పెట్టినది) ఏంటో, తేజ, బాడిగ అనే మిర్చి రకాల రేటులో తేడా ఎందుకో తెలిసుండాలి. అవి మీ ఇంట్లో ఉన్నాయి, వాళ్ళ దగ్గర లేవు. చట్టం సంగతికొస్తే, ఐడియా మీద కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన రూపం మీదే ఉంటుందని 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి మన పేటెంట్ చట్టంలో పేటెంటూ రాదు. మెంటర్ల చేత, జడ్జీల చేత ఎన్‌డీఏ (విన్నది ఎవరికీ చెప్పకూడదనే ఒప్పందం) మీద సంతకం పెట్టిద్దామని చూడకండి. ఎవరూ పెట్టరు, పైగా మిమ్మల్ని అదోలా చూస్తారు.

ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త కావాలి. మీ టీమ్ దగ్గర కొత్త పరికరం ఏదైనా ఉండి, ఉదాహరణకి మిర్చిలో తేమ కొలిచే సెన్సర్ లాంటిది, దాని పని తీరు నిజంగా కొత్తదైతే, స్టేజీ మీద వివరంగా చెప్పేశాక పేటెంట్ అడగడం కష్టమవుతుంది. అలాంటిదుంటే వెళ్ళేముందే ప్రొవిజనల్ అప్లికేషన్ వేసుకోండి. విడి వ్యక్తులకి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. మీ యాప్‌కి ఈ గొడవ అక్కర్లేదు.

భయపడాల్సింది ఇంకోటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆదివారం రాత్రికి టీమ్ చేతిలో ఉన్న కోడ్ ఎవరిది? మన కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాడిదే. "అందరం కలిసి చేశాం కదా" అంటే సరిపోదు, హక్కు మారాలంటే కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితంలో కూడా ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్కేస్తుంది. శుక్రవారం రాత్రి టీమ్ కుదిరాక ఒక పేజీ రాసుకోండి: ఈ వీకెండ్‌లో చేసినది ఎవరెవరిది, సోమవారం తర్వాత ఎవరైనా కొనసాగించాలనుకుంటే మిగతావాళ్ళు ఒప్పుకుంటారా, పేరు, డొమైన్ ఎవరి దగ్గర ఉంటాయి. అందరూ సంతకం పెట్టి ఫోటో తీసి టీమ్ వాట్సాప్ గ్రూపులో వేయండి. అప్పుడే పరిచయమైనవాళ్ళతో ఇలాంటి మాట ఎత్తడం ఇబ్బందిగానే ఉంటుంది. నాలుగు నెలల తర్వాత ఎత్తడం ఇంకా ఇబ్బంది. దానితో పాటే మీ ఆఫీసు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఒకసారి చదవండి. ఉద్యోగంలో ఉండగా చేసిన పనంతా కంపెనీదే అని రాసుంటుందేమో చూసుకోండి. ఐటీ వాళ్ళ లెటర్లలో అది మామూలే, కాబట్టి మీ టీమ్‌లో కోడ్ రాసే అబ్బాయినో అమ్మాయినో కూడా అడగండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం ఎవరూ తేవద్దు.

శుక్రవారం పిచ్‌కి వస్తే, ఇచ్చేది ఒక్క నిమిషం. స్లైడ్లు ఉండవు, మైకు ఒక్కటే. చాలామంది ఆ నిమిషంలో నలభై సెకన్లు తమ పేరు, చదువు, భారతదేశంలో వ్యవసాయం ప్రాముఖ్యత చెప్పేసరికి గంట మోగుతుంది. మీరైతే ఇలా మొదలుపెట్టొచ్చు:

"మా నాన్నది గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారం. రేటు లేదని రైతు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అద్దె పెరుగుతుంటుంది, అప్పు మీద వడ్డీ పెరుగుతుంటుంది, ఎప్పుడు అమ్మాలో తెలీదు. ఇంకో నెల ఆగుదామంటూనే అన్‌సీజన్ వచ్చేస్తుంది. ఈ లెక్క అతనికి వారం వారం ఫోన్‌కి వచ్చేలా చేయాలనుకుంటున్నాను. నా దగ్గర రైతుల నంబర్లున్నాయి, లెక్కలు నేను చూస్తాను. కోడ్ రాసేవాళ్ళు ఒకరు, డిజైన్ చేసేవాళ్ళు ఒకరు, రేపు నాతో ఫోన్లు చేసేవాళ్ళు ఇద్దరు కావాలి. నా పేరు ఫలానా, ఆ కిటికీ దగ్గర ఉంటాను."

సమస్య ఎవరిదో తెలిసింది, మీకు ఇందులో ఏం తెలుసో తెలిసింది, ఎవరు కావాలో తెలిసింది. నిమిషానికి ఇంతే పడుతుంది. ఇంగ్లీషులో చెప్పాలా అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. విజయవాడలో తెలుగులో చెబితే నష్టమేమీ లేదు, జడ్జీల్లో బయటివాళ్ళు ఉంటే మాత్రం ఆదివారానికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళ చేత చెప్పించండి.

ఓటింగ్ అంటే గోడకి అంటించిన కాగితాల మీద జనం స్టిక్కీ నోట్లు అంటిస్తారు. స్నేహితుల గుంపుతో వచ్చినవాళ్ళకి ఓట్లు ఎక్కువ పడతాయి, అది సహజం. మీ ఐడియా పడిపోతే ఇంటికి వెళ్ళిపోకండి. ఇంకొకరి ఐడియాలో చేరండి. నిజం చెప్పాలంటే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అదే మేలని నా అభిప్రాయం. మన ఐడియా కానప్పుడు దాన్ని పట్టుకుని వేలాడం, జనం బాగోలేదంటే బాగోలేదనే వింటాం.

కోడింగ్ రాదు, చేర్చుకుంటారా అన్నారు. ఇలాంటి చోట కోడ్ రాసేవాళ్ళకి గిరాకీ ఎక్కువ, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఏఐ టూల్స్‌తో ఒక రాత్రిలో యాప్ లాంటిది ఒకటి నిలబెట్టేయొచ్చు కాబట్టి ఆ గిరాకీ కూడా మునుపటిలా లేదు. యాప్ చూసి ఆశ్చర్యపోయే జడ్జీ ఇప్పుడు అరుదు. ఒక టిక్కీ మీద రైతుకి నెలకి నిజంగా ఎంత ఖర్చు పడుతోందో లెక్క కట్టి చూపించగలిగేవాడు ప్రతి టీమ్‌లోనూ ఉండడు. మీరు అకౌంట్స్ మనిషి, ఆ పని మీదే. టీమ్ కట్టేటప్పుడు నలుగురైదుగురు చాలు. ఎనిమిది మంది చేరితే శనివారం మధ్యాహ్నానికి ముగ్గురు పని చేస్తుంటారు, ఐదుగురు సెల్ఫీలు దిగుతుంటారు. చేరతానన్న ప్రతివాళ్ళనీ ఒకటే అడగండి: "రేపు పది గంటలకి నాతో ముక్కూమొహం తెలీనివాళ్ళకి ఫోన్ చేస్తావా?" నసిగేవాళ్ళు ఎంత బాగా కోడ్ రాసినా ఈ ఐడియాకి పనికిరారు.

ఇక శనివారం. ఆ వీకెండ్ మొత్తానికీ ఆ ఒక్క రోజే ముఖ్యం.

హైదరాబాద్‌లో నేను మెంటర్‌గా ఉన్న ఒక ఈవెంట్‌లో ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి కలిసి లేడీస్, జెంట్స్ హాస్టళ్ళలో ఖాళీ బెడ్లు చూపించే యాప్ చేస్తామన్నారు. శుక్రవారం రాత్రే స్క్రీన్లు గీసేశారు, ఫిల్టర్లు, మ్యాపు, రేటింగు అన్నీ ఉన్నాయి. శనివారం పొద్దున నేను వాళ్ళని ల్యాప్‌టాప్‌లు మూయించి ఎస్సార్ నగర్ పంపాను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వెనక సందుల్లో ఇంటికొక హాస్టల్ ఉంటుంది కదా, అక్కడికి. ఆ అమ్మాయితో పాటు నేనూ ఒకచోటికి వెళ్ళాను. హాస్టల్ నడిపే ఆంటీ వంటింటి గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని బీన్స్ తరుగుతోంది. ఖాళీ బెడ్ల గురించి అడిగితే నవ్వింది. "ఖాళీ ఉంటే కదమ్మా! గేటుకి బోర్డు కడితే సాయంత్రానికి నిండిపోతాయి" అంది.

మరి ఇబ్బంది దేనికి అని అడిగింది ఆ అమ్మాయి. ఆవిడ కత్తి పక్కన పెట్టి, బియ్యం డబ్బా మీదున్న లాంగ్ నోట్‌బుక్ తీసింది. గదికో పేజీ. పేరు, చేరిన తేదీ, అడ్వాన్స్, నెలనెలా కట్టినది. కట్టని నెలల కింద ఎర్ర పెన్నుతో గీతలు. ఒక పేజీలో పేరు మొత్తం కొట్టేసి ఉంది. "రెండు నెలలు బాకీ పెట్టి రాత్రికి రాత్రి బ్యాగు సర్దుకుని పోయాడు. ఐదో తారీకు దాటితే రోజూ ఫోన్లు చేయడమే నా పని. అడిగితే అలుగుతారు, అడక్కపోతే ఎగ్గొడతారు" అంది. అమ్మాయి ఫోటో తీసుకోవచ్చా అని అడిగి ఆ పేజీ ఫోటో తీసింది, పేర్లు కనిపించకుండా.

వెనక్కి వచ్చాక టీమ్‌లో పెద్ద గొడవ. రాత్రంతా కూర్చుని మ్యాపు పెట్టిన అబ్బాయికి ఏడుపొక్కటే తక్కువ. మిగతా ముగ్గురూ తిరిగిన హాస్టళ్ళలో కూడా అదే మాట వినిపించేసరికి అతనే మెత్తబడ్డాడు. యాప్ పక్కన పడేసి, ఒక గూగుల్ షీటు, వాట్సాప్ మెసేజీలతో అద్దె గుర్తుచేసే పని మొదలుపెట్టారు. ఐదో తారీకు వస్తే ఆంటీ బదులు మెసేజ్ వెళ్తుంది, కట్టగానే రసీదు వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అదే సందుల్లోకి వెళ్ళి, నెలకి 200 అని చెప్పి క్యూఆర్ కోడ్ చూపించారు. నలుగురు అప్పటికప్పుడు కట్టారు. ఒకాయన మాత్రం "మా అబ్బాయి చూసుకుంటాడులే" అని తప్పించుకున్నాడు. ఫస్ట్ ప్రైజ్ వీళ్ళకి రాలేదు, డ్రోన్ తెచ్చిన టీమ్ ఎగరేసుకుపోయింది. ఆ 800 రూపాయల స్క్రీన్‌షాట్ చూపించినప్పుడు మాత్రం జడ్జీలు పెన్నులు పక్కన పెట్టి తలెత్తి చూశారు.

ఇలా ఐడియా మారడం కొత్తేమీ కాదు. బ్రెజిల్‌లో ఈజీ టాక్సీ అని ఒక కంపెనీ 2011లో రియోలో జరిగిన స్టార్టప్ వీకెండ్‌లోనే పుట్టింది. పెట్టినాయన టాలిస్ గోమెస్ ముందు బస్సు ఎక్కడుందో చూపించే యాప్ అనుకున్నాడు. తనకే టాక్సీ దొరక్క ఇబ్బంది పడేసరికి దాని మీదికి మళ్ళాడు. తర్వాత అది బ్రెజిల్ దాటి చాలా దేశాలకి వెళ్ళింది.

మీ శనివారం ఫోన్లలో ఒక చిక్కు ఉంటుంది. మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. "ఇలాంటి యాప్ చేస్తే వాడతారా?" అని అడిగితే ప్రతి రైతూ "ఎందుకు వాడం బాబూ, మంచి పని చేస్తున్నావు" అంటాడు. కమిషన్ కొట్టు ఓనరుగారి అబ్బాయి అడిగితే ఇక చెప్పనే అక్కర్లేదు, కాదనడు. ఆ మాటకి విలువ సున్నా. అందుకని రేపటి గురించి అడక్కండి, జరిగిపోయినదాని గురించి అడగండి. పోయిన ఏడాది ఎన్ని టిక్కీలు ఏసీలో పెట్టారు? ఎప్పుడు తీశారు? ఆ రోజే తీయాలని ఎందుకు అనుకున్నారు, ఎవరిని అడిగారు? అప్పటికి అద్దె, వడ్డీ కలిపి ఎంత కట్టారు? ఈ జవాబుల్లో మీకు అసలు సంగతి దొరుకుతుంది. ఫోన్లు మీకంటే టీమ్‌లోని కొత్తవాళ్ళు చేస్తే ఇంకా నిజాలు బయటికొస్తాయి. రికార్డు చేయాలంటే అడిగి చేయండి.

నా అనుమానం ఒకటి చెప్తాను, తప్పని తేలితే మంచిదే. రేటు తెలియకపోవడం రైతు సమస్య అని మీరు అనుకుంటున్నారు. రేట్లు వాట్సాప్ గ్రూపుల్లో గంట గంటకీ తిరుగుతున్నాయి, పేపర్లో వస్తున్నాయి, 2016లో మొదలైన ఈ-నామ్ అనే కేంద్రప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ ఉండనే ఉంది. రేటు పెరుగుతుందా తగ్గుతుందా అని ముందే చెప్పడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. యాప్ ఆగమందని ఆగినవాడికి రేటు పడితే ఆ రైతు నేరుగా మీ నాన్నగారి కొట్టుకే వస్తాడు! చాలామంది రైతులు బహుశా రేటు చూసి అమ్మరు. బ్యాంకు గడువో, పిల్లల కాలేజీ ఫీజో, పెట్టుబడి అవసరమో వచ్చి అమ్ముతారు. అలాగైతే మీ యాప్ చెప్పాల్సింది "ఇప్పటిదాకా నీకు టిక్కీకి ఇంత పడింది, ఇంత రేటొస్తే అసలు గిట్టుబాటు" అన్న లెక్క. అది జోస్యం కాదు, అకౌంట్స్. దానికి డబ్బు కట్టేది రైతు కాకపోవచ్చు. సరుకు మీద అప్పిచ్చిన బ్యాంకు కావచ్చు, కోల్డ్ స్టోరేజీ ఓనరు కావచ్చు, మీ నాన్నగారి లాంటి వ్యాపారులు కావచ్చు. ఎవరన్నది శనివారం సాయంత్రానికి తేలాలి, అందుకే మేనేజర్ల నంబర్లు కూడా తెచ్చుకోమన్నాను.

తయారు చేయడం గురించి ఎక్కువ చెప్పను. మీ ఐడియాకి గూగుల్ షీటులో లెక్క, వాట్సాప్‌లో తెలుగు వాయిస్ మెసేజ్ సరిపోతాయి. రైతు సంఖ్యలు చెబితే టీమ్‌లో ఒకరు షీటులో వేసి, వచ్చిన జవాబు చదివి పంపడమే. లోపల మనిషి చేస్తున్నాడా మెషీన్ చేస్తోందా అన్నది ఈ దశలో ఎవరికీ పట్టదు. స్టేజీ మీద మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మెంటర్ల మాటా చెప్పుకోవాలి. శనివారం మధ్యాహ్నం నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాలతారు. ఒకాయన బీటూబీ, అంటే కంపెనీలకే అమ్మే వ్యాపారం, చేయమంటాడు, ఆయన లేవగానే ఇంకొకరు వచ్చి రైతు దగ్గరికే వెళ్ళమంటారు, మూడోవారు బ్లాక్‌చెయిన్ పెట్టమంటారు. పెళ్ళిచూపుల్లో చుట్టాల సలహాల్లా ఉంటుంది వ్యవహారం. ముగ్గురికీ మిర్చి తెలియకపోవచ్చు. వాళ్ళకి తెలిసిన విషయం ఏదో కనుక్కుని దాని మీద ఒక్క ప్రశ్న అడగండి: బ్యాంకులో పనిచేసినాయన్ని గోదాం రసీదు మీద అప్పు ఎలా ఇస్తారని, అమ్మకాలు చేసినావిడని మొదటి పదిమంది కస్టమర్లని ఎలా పట్టారని. మిగతా ఉపన్యాసానికి తలూపి పంపేయండి. నేను మెంటర్‌గా ఉన్నా సరే.

రాత్రి నిద్రపోండి. తెల్లారేదాకా మేలుకోవడం గొప్ప అనే పిచ్చి ఒకటి ఈ ఈవెంట్లలో ఉంది. ఆదివారం సాయంత్రం స్టేజీ మీద మాటలు తడబడేది వాళ్ళకే. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళ్ళండి, అక్కడ ప్లగ్గుల కోసం కొట్టుకుంటారు. కాలేజీ వైఫై మీద నమ్మకం పెట్టుకోకండి.

ఆదివారం ప్రెజెంటేషన్ సాధారణంగా ఐదు నిమిషాలు, తర్వాత ప్రశ్నలు. జడ్జీలు చూసేవి మామూలుగా మూడు: కస్టమర్‌ని కలిసి నిర్ధారించుకున్నారా, వ్యాపారంగా డబ్బు ఎలా వస్తుంది, చేసి చూపించినది ఎలా ఉంది. కలవడం అనే మొదటిదానిలోనే సగం టీమ్‌లు పోతాయి. "దేశంలో 140 కోట్ల మంది ఉన్నారు, ఒక్క శాతం వాడినా చాలు" అనే స్లైడ్ పెట్టకండి. ఆ స్లైడ్ రాగానే నేను టీ కోసం చూస్తాను. దాని బదులు "శనివారం పదకొండు మందికి ఫోన్ చేశాం, ఏడుగురు ఈ మాట అన్నారు, ఇద్దరు డబ్బు కట్టారు" అని చెప్పండి, ఎవరూ కట్టకపోతే కట్టలేదనే చెప్పండి. ఎందుకు కట్టలేదో మీకు అర్థమైతే అదీ మార్కులే. డెమో లైవ్‌గా చూపించేటప్పుడు నెట్ పోవడం ఆనవాయితీ కాబట్టి వీడియో తీసి పెట్టుకోండి.

డబ్బుల సంగతి: పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఎక్కువ చోట్ల నగదు ఉండదు. క్లౌడ్ క్రెడిట్లు (ఆన్‌లైన్ సర్వర్లు కొంతమేర ఉచితంగా వాడుకునే వీలు), ఇంక్యుబేటర్‌లో కొన్ని నెలల సీటు, మెంటర్ గంటలు, ఒక ట్రోఫీ. జడ్జీల్లో ఇన్వెస్టర్ ఉన్నా ఆ రాత్రి చెక్కు రాయడు. ప్రైజ్ పేరుతో ఎవరైనా వాటా అడిగితే అక్కడ సంతకం పెట్టకుండా ఇంటికొచ్చి ఎవరికైనా చూపించండి.

గెలిచిన ఊపులో సోమవారమే ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్టర్ చేయించడం మాత్రం వద్దు. రూపాయి వ్యాపారం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, ఆర్‌ఓసీకి (కంపెనీల రిజిస్ట్రార్‌కి) రిటర్నులు వేయాలి, ఆలస్యమైతే జరిమానాలు. ఇవన్నీ మీకు నేను చెప్పాలా? ఇద్దరు ముగ్గురు డబ్బు కట్టే కస్టమర్లు నిలకడగా ఉన్నాక పెట్టుకోండి. స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే నాన్నగారి ప్రొప్రైటర్‌షిప్ పేరు మీద రాదు, అప్పుడు ఎలాగూ కంపెనీయో ఎల్‌ఎల్‌పీయో రిజిస్టరైన భాగస్వామ్య సంస్థో లాంటిది కావాలి.

వీకెండ్ తర్వాత కూడా ఐడియా బతికుంటే మీ విషయానికి మామూలు ఇంక్యుబేటర్ల కంటే వ్యవసాయం తెలిసినవి నయం. హైదరాబాద్‌లోనే ఉంటున్నారు కాబట్టి రాజేంద్రనగర్‌లో నార్మ్ అనే జాతీయ వ్యవసాయ సంస్థలోని ఎ-ఐడియా, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంట పరిశోధన సంస్థలో 2003 నుంచి ఉన్న అగ్రి బిజినెస్ ఇంక్యుబేటర్ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. గుంటూరు వైపు అయితే 2025 ఆగస్టులో మంగళగిరిలో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ఉంది. వీకెండ్‌లో చేసిన ఫోన్ల నోట్సు తీసుకెళ్ళండి, స్లైడ్లకన్నా దాని మీదే ఎక్కువ మాట్లాడతారు.

చివరిగా మీ చెల్లెలి విషయం. తప్పకుండా తీసుకెళ్ళండి, విద్యార్థులకి టికెట్ తక్కువ ఉంటుందేమో అడగండి. రాత్రి హాలు ఎన్నింటికి మూస్తారు, ఆడపిల్లలకి ఉండే ఏర్పాటు ఉందా అన్నది ఆర్గనైజర్ల నుంచి ముందే తెలుసుకుని ఇంట్లో చెప్పండి. అయితే ఇద్దరూ ఒకే టీమ్‌లో చేరకండి. అన్నాచెల్లెళ్ళు ఒకే బల్ల దగ్గర ఉంటే మిగతావాళ్ళు మీ మాట కాదనలేరు, తనేమో మీ వెనకే ఉండిపోతుంది. తనని వేరే టీమ్‌లో చేరి తన పిచ్ తనని చెప్పుకోమనండి. మీకు కోడ్ రాసేవాళ్ళు దొరక్కపోతే అప్పుడు ఆలోచిద్దురుగాని.